రొయ్యల చెరువుల డేటాబేస్ తెల్లవారుజామున మందగిస్తోంది: జీపీ2 నుంచి ఐఓ2కి మారాలా?

భీమవరం చుట్టుపక్కల 500 చెరువులకు ఆక్సిజన్ సెన్సార్లు, 5 నిమిషాలకో రీడింగు, అమెజాన్ క్లౌడ్ డేటాబేస్ సేవ ఆర్డీఎస్‌లో నడిచే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కు 100 జీబీ జీపీ2 (సాధారణ రకం డిస్కు) అన్నారు. అర్ధరాత్రి రిపోర్టు నడిచిన రోజున తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకు రావాల్సిన ఆక్సిజన్ అలర్టులు ఆలస్యమవుతున్నాయి, ఐఓ2 (వేగాన్ని ముందే కేటాయించుకునే డిస్కు) తీసుకోవాలా అని అడిగారు. అక్కర్లేదండి, జీపీ2కి తర్వాతి తరమైన జీపీ3 చాలు.

సెకనుకు రెండు ఇన్సర్టులు కూడా పడటం లేదు కాబట్టి రాతల వల్ల భారం లేదు. డిస్కును తినేస్తున్నది రిపోర్టు. జీపీ2లో జీబీకి 3 ఐఓపీఎస్ (సెకనుకు డిస్కు చేసే చదువు, రాతల సంఖ్య) లెక్కన మీకు నికరంగా దక్కేది 300. డిస్కుకు పని తక్కువున్నప్పుడు పోగయ్యే క్రెడిట్లు ఉన్నంతసేపే 3000 వస్తుంది. ఖాతా నిండుగా ఉంటే 54 లక్షల క్రెడిట్లు. పూర్తి వేగంతో వాడితే దాదాపు 33 నిమిషాల్లో అయిపోతాయి. ఆపైన 300తోనే నెట్టుకురావాలి. పోస్ట్‌గ్రెస్ పేజీ (డేటాను చదివే ఒక్కో ముక్క) 8 కేబీ, అంటే ఇండెక్స్ పట్టుకుని అక్కడో పేజీ ఇక్కడో పేజీ చదివితే సెకనుకు 2.4 ఎంబీ. అలర్టు క్వెరీ కూడా ఆ వరసలోనే నిలబడాలి.

అమెజాన్ పర్యవేక్షణ సేవ క్లౌడ్‌వాచ్‌లో బర్స్ట్ బ్యాలెన్స్ (మిగిలిన క్రెడిట్ల శాతం) గ్రాఫ్ తీయండి. అది సున్నాకు దిగిన వేళకే డిస్క్ క్యూ డెప్త్ (డిస్కు కోసం వరసలో ఉన్న పనులు) పైకి లేస్తే జబ్బు ఇదే. సున్నాకు రాకపోతే స్టోరేజీ టైపు మార్చి లాభం లేదు, క్వెరీ ప్లాను (డేటాబేస్ ఆ డేటాను వెతికే దారి) చూసుకోవాలి.

జీపీ3లో 100 జీబీకీ 3000 ఐఓపీఎస్, సెకనుకు 125 ఎంబీ ఎప్పుడూ ఉంటాయి, క్రెడిట్ల గొడవ లేదు. 400 జీబీ దాటితే పోస్ట్‌గ్రెస్‌కు 12,000 వస్తుంది గానీ అందుకోసం సైజు పెంచకండి. పెంచిన స్టోరేజీని ఉన్నచోటే తగ్గించలేం. ఐఓ2లో కేటాయించుకున్న ఐఓపీఎస్‌కు వాడినా వాడకపోయినా బిల్లు పడుతుంది.

మార్పు మాత్రం రాత్రిపూట పెట్టకండి. సాఫ్ట్‌వేర్ వాళ్లకు అర్ధరాత్రి ఖాళీ సమయం, చెరువుకు కాదు. ఆక్సిజన్ అట్టడుగుకు పడేది తెల్లవారేముందే. అప్పుడు ఏరేటర్ (నీటిలో గాలి కలిపే యంత్రం) అలర్టు అరగంట ఆలస్యమైతే పంటే పోవచ్చు. ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం మొదలుపెట్టండి. డేటాబేస్ ఆగదు, కానీ స్టోరేజ్ ఆప్టిమైజేషన్ (డేటాను కొత్త రకానికి సర్దే పని) నడిచినంతసేపూ కాస్త నెమ్మదించవచ్చు, కనీసం 6 గంటలు మళ్లీ స్టోరేజీని ముట్టుకోనివ్వదు. 'వెంటనే అమలు' ఎంచుకోకపోతే పని మెయింటెనెన్స్ విండోకు (నిర్వహణ పనులకు కేటాయించిన సమయానికి) వాయిదా పడుతుంది. ఆ విండో రాత్రిలో ఉందేమో చూసుకోండి.

రీడింగుల టేబుల్‌ను నెలవారీ పార్టిషన్లు (విడివిడి ముక్కలు) చేస్తే రిపోర్టు పాత నెలల జోలికి పోదు. కోత అయిపోయిన పంటల డేటాను అమెజాన్ ఫైళ్ల నిల్వ సేవ ఎస్3కి ఎగుమతి చేసి, ఫైలు తెరిచి వరసల లెక్క సరిపోయాకే ఆ పార్టిషన్ తీసేయండి. ఎస్3లో అరుదుగా తెరిచే ఫైళ్లకు ఉన్న స్టాండర్డ్ ఐఏ తరగతిలో 128 కేబీ కన్నా చిన్న ఫైలుకూ 128 కేబీ లెక్కే కడతారు, కనీసం 30 రోజులకు బిల్లు పడుతుంది. చెరువుకో రోజుకో ఫైలు వద్దు, నెలకొకటి చేయండి.

ఇన్‌స్టెన్స్ (డేటాబేస్ నడిచే సర్వరు) టీ3 మీడియం సైజు అయితే దాని సొంత నికర పరిమితే 2000 ఐఓపీఎస్. జీపీ3 పెట్టాక కూడా ఎక్కువసేపు నడిచే రిపోర్టు అక్కడ ఆగిపోతుంటే, పెంచాల్సింది ఇన్‌స్టెన్స్‌ను.