రైతు భరోసా డబ్బుతో మేకలు కొనమంటారా?

ప్రశ్న: మాకు రెండెకరాలు, నా పేరు మీదే ఉంది. ఈ సీజన్ రైతు భరోసా ఎకరాకు 6,000 చొప్పున 12,000 రూపాయలు పడింది. మా ఆయన ఎరువుల షాపు బాకీ కట్టేద్దామంటాడు. నేను మేకలు కొందామంటున్నా. టెన్షన్‌గా ఉంది.
– ఒక సోదరి, వనపర్తి జిల్లా

జవాబు: తల్లీ, ముందు ఆ బాకీకి వడ్డీ ఎంతో అడుగు. నెలకు నూటికి మూడు రూపాయలైతే ఏడాదికి 36 శాతం. అప్పుడు మీ ఆయన మాటలో న్యాయం ఉంది. సగం అక్కడ కట్టి, మిగతాది మేకకు ఉంచు.

మా అమ్మ ఒక్క మేకతోనే మొదలుపెట్టింది. సంతలో కాదు, పక్క ఊళ్లో తెలిసినవాళ్ల దగ్గర కొన్నది. రోగమున్నదాన్ని సంతకు తోలేస్తారని ఆమె భయం. నోరు తెరిచి పళ్లు చూసేది, పొదుగు పట్టి చూసేది. ఒక ఈత ఈనిన మేకైతే పిల్లను చేరనిస్తుందో లేదో అమ్మేవాళ్లే చెబుతారు. చూడి కాలం ఐదు నెలలే.

తేగానే పశువుల ఆసుపత్రిలో పారుడు రోగం టీకా వేయించు. ఇది మాత్రం మర్చిపోకు. మాకు ఆ రోగంతో ఒక్క వారంలో నాలుగు పోయాయి, అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. వానలకు ముందు చిటుక రోగం టీకా కూడా. రోజూ మేపేదెవరో ఇద్దరూ కూర్చుని కొనకముందే తేల్చుకోండి.