పాలియేటివ్ కేర్‌కు వెళ్లమన్నారంటే చేతులెత్తేసినట్టేనా? విశాఖ నుంచి ఒక జవాబు

మీ ప్రశ్నలో మూడు సంగతులున్నాయి. అమ్మగారి కడుపు క్యాన్సర్ కాలేయానికి పాకిందని, ఇక కీమో వల్ల ప్రయోజనం లేదని చెప్పి పాలియేటివ్ కేర్‌కు, అంటే ఉపశమన చికిత్సకు, వెళ్లమన్నారు కనుక అది చేతులెత్తేయడమేనా అన్నది మొదటిది. తీవ్రమైన నొప్పికి ఇచ్చే మార్ఫిన్ వాడితే అలవాటు పడిపోతారని, ప్రాణం తొందరగా పోతుందని మీ అన్నయ్యగారు వద్దంటున్నారన్నది రెండవది. విశాఖలో దీనికి ఎక్కడికి వెళ్లాలి, అమ్మకు అసలు విషయం చెప్పాలా వద్దా అన్నది మూడవది. నేను వైద్యుణ్ణి కాను. మా మేనత్తకు అంగిలి క్యాన్సర్ వచ్చినప్పుడు ఆవిడను కంచరపాలెంలోని మా ఇంట్లోనే ఉంచుకుని చూసుకున్నాం కనుక ఆ అనుభవంతోనూ, అప్పటి నుంచి ఈ విషయమై చదివినదానితోనూ రాస్తున్నాను. మందుల మోతాదు విషయంలో మీ వైద్యుల మాటే ప్రమాణం.

మొదటిదానికి నా జవాబు, కాదు. జబ్బును తగ్గించే మందు అయిపోయినా, జబ్బు పెట్టే బాధకు మందు అయిపోదు. నొప్పి, ఆయాసం, వాంతులు, పుండు, నిద్రలేమి, ఇంటిల్లిపాదికీ పట్టుకునే దిగులు, వీటన్నిటినీ చూడటానికే శిక్షణ పొందిన వైద్యులు, నర్సులు ఉంటారు. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను, అంటే నయంకాని జబ్బులవారిని చూసుకునే ఆసుపత్రిని, స్థాపించిన సిసిలీ సాండర్స్ మొదట నర్సుగా పనిచేసి, తరువాత డాక్టరు చదువు చదివారు. రోగి నొప్పిలో శరీరం పెట్టే బాధతోపాటు మనసు, సంసారం, విశ్వాసం పెట్టే బాధ కూడా కలిసి ఉంటుందని, అన్నిటినీ కలిపి చూడకపోతే మందు పూర్తిగా పనిచేయదని ఆవిడ గట్టిగా చెప్పారు. ఇది క్యాన్సర్‌కు మాత్రమే పరిమితం కాదు. గుండె వైఫల్యం, ఊపిరితిత్తుల జబ్బు, పక్షవాతం, శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు నుంచి మన నగరానికి వచ్చే కిడ్నీ రోగుల బాధలు కూడా దీని పరిధిలోకే వస్తాయి.

పైగా ఇది చివరి వారాల్లో మొదలుపెట్టవలసినది కూడా కాదు. 2010లో బోస్టన్ వైద్యులు ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఊపిరితిత్తుల క్యాన్సర్ ముదిరిన 151 మందిలో కొందరికి మామూలు చికిత్సతోపాటు మొదటి నుంచే ఉపశమన చికిత్స కూడా ఇచ్చారు. వారికి దిగులు తక్కువగా ఉంది, ఆఖరి రోజుల్లో తీవ్రమైన చికిత్సల పాలు కావడం తగ్గింది, మధ్యస్థ ఆయుర్దాయం, అంటే సగం మంది అంతకు మించి బతికిన కాలం, కూడా 11.6 నెలలుగా తేలింది. మామూలు చికిత్స మాత్రమే పొందినవారికి అది 8.9 నెలలు. ఈ లెక్క మీ అమ్మగారికి అన్వయిస్తుందని నేను అనడం లేదు. ఉపశమన చికిత్స ఆయుష్షును తగ్గిస్తుందన్న భయానికి ఆధారం లేదని మాత్రం చెప్పదలచుకున్నాను.

మా అత్తది భీమిలి వైపు తీరగ్రామం. ఆవిడకు చిన్ననాటి నుంచి అడ్డపొగ అలవాటు, అంటే చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని పీల్చడం. శ్రీకాకుళం నుంచి విశాఖ దాకా మన తీరంలో ఆడవాళ్లకు ఈ అలవాటు ఎంత ఎక్కువో, దానివల్ల అంగిలికి క్యాన్సర్ ఎలా వస్తుందో విశాఖ వైద్యులు 1950లలోనే రాశారు. జబ్బు బయటపడేసరికి ఆలస్యమైంది. రేడియేషన్ అయ్యాక పుండు మళ్లీ తిరగబెట్టినప్పుడు, మేము చూపించుకుంటున్న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో "ఇంటికి తీసుకెళ్లి ఇష్టమైనవి పెట్టండి" అన్నారు. నోరే సరిగా తెరవలేని మనిషికి ఇష్టమైనవి ఎలా పెట్టాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. తెలిసినవారి సలహా మీద ఉపశమన చికిత్స విభాగానికి వెళ్లాకే మాకు ఆ దారి తెలిసింది.

ఇప్పుడు మార్ఫిన్ సంగతి. మీ ఇంట్లో జరుగుతున్న వాదనే మా ఇంట్లోనూ జరిగింది కనుక కొంచెం వివరంగా రాస్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో క్యాన్సర్ నొప్పికి మెట్లమెట్లుగా మందులు వాడే పద్ధతిని ప్రకటించింది. చిన్న నొప్పికి పారాసిటమాల్ వంటివి, అవి చాలకపోతే ఇంకొంచెం బలమైనవి, తీవ్రమైన నొప్పికి మార్ఫిన్. అందులోని ముఖ్య సూత్రాలు రెండు. వీలైనంతవరకు నోటి ద్వారానే ఇవ్వాలి, గడియారం చూసి ఇవ్వాలి. మామూలు మార్ఫిన్ మాత్ర ప్రభావం సుమారు నాలుగు గంటలు ఉంటుంది కనుక, నొప్పి మళ్లీ తల ఎత్తకముందే తరువాతి మాత్ర పడాలి. రాత్రి నిద్ర చెడకుండా పడుకోబోయే ముందు మోతాదును సాధారణంగా పెంచి రాస్తారు. మా అత్తకు ఇది అస్సలు మింగుడుపడలేదు. "నొప్పి నేదు కదరా, మాత్ర ఎందుకేటి?" అని ప్రతి పూటా అడిగేది. నొప్పి లేనిది మాత్ర వల్లనే అని నర్సు ఓపికగా చెప్పి, ఒక అట్టముక్క మీద ఆరు గడియారం బొమ్మలు గీసి ఇచ్చింది. చదువు రాని మా అత్త ఆ బొమ్మలను గోడ గడియారంతో పోల్చుకుని, మాత్ర వేళకు నన్ను తానే పిలవడం మొదలుపెట్టింది.

అలవాటు పడిపోతారన్న భయం గురించి వైద్యులు మాకు చెప్పినది ఇది. నొప్పి కోసం, వైద్యుల పర్యవేక్షణలో, సరైన మోతాదులో వాడేవారిలో వ్యసనం అరుదు. మోతాదు పెంచవలసి వస్తే చాలావరకు జబ్బు పెరిగినందువల్లనే. శరీరం మందుకు అలవాటు పడుతుంది కనుక ఒక్కసారిగా ఆపకూడదు, తగ్గించాలంటే క్రమంగా తగ్గిస్తారు. తగిన మోతాదుతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుకుంటూ వెళితే అది ప్రాణం తీసే మందు కాదు. మొదటి కొద్ది రోజులు మగతగా ఉండవచ్చు, వికారం ఉండవచ్చు, అవి తగ్గిపోతాయి. తగ్గనిది మలబద్ధకం ఒక్కటే. అందుకని విరేచనానికి మందును మార్ఫిన్‌తోపాటే మొదటి రోజు నుంచీ రాస్తారు. రాయకపోతే మీరే అడగండి. మూత్రపిండాలు సరిగా పనిచేయనివారిలో ఈ మందు ఒంట్లో పేరుకుపోతుంది. అమ్మగారి కాలేయం కూడా దెబ్బతిన్నది కనుక పాత రక్తపరీక్షల కాగితాలన్నీ తప్పక చూపించండి. కాలేయం ఉబ్బి దాని పైపొర సాగడం వల్ల వచ్చే నొప్పికి మార్ఫిన్‌తోపాటు కొన్నాళ్లు స్టెరాయిడ్ కూడా ఇస్తుంటారు. పొట్టలో నీరు చేరితే సూదితో తీసి ఉపశమనం కలిగిస్తారు. ఒక జాగ్రత్త చెప్పాలి. మింగలేనప్పుడు మామూలు మాత్రను నలిపి నీళ్లలో కలిపి ఇవ్వవచ్చు కానీ, ఎస్ఆర్ అని రాసి ఉండే నెమ్మదిగా కరిగే మాత్రలను ఎన్నడూ నలపకూడదు.

ఈ మందు కోసం కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) డౌన్‌లోని మెడికల్ షాపులన్నీ తిరిగి కాళ్లు నొప్పి పెట్టుకోకండి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వచ్చాక ఆసుపత్రులు మార్ఫిన్ తెచ్చుకోవాలంటే నాలుగైదు రకాల అనుమతులు తీసుకోవలసి వచ్చేది. ఆ బాధ పడలేక చాలాచోట్ల అసలు ఉంచడమే మానేశారు. 2014లో చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన వైద్య సంస్థలకు ఒకే అనుమతి చాలునన్నారు. కాబట్టి ఇది సాధారణంగా అలాంటి గుర్తింపు ఉన్న ఆసుపత్రిలోనే, వైద్యుల చీటీ మీదనే దొరుకుతుంది. మన దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ ఆధ్వర్యంలో నడిచే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో ఉపశమన చికిత్స విభాగం ఉంది. ముందుగా అక్కడ కనుక్కోండి. ఓపీ ఏ రోజుల్లో ఉంటుంది, ఇంటికి వచ్చి చూసే బృందం మీ ప్రాంతానికి వస్తుందా, అమ్మగారు కదలలేని రోజున కాగితాలతో మీరొక్కరే వచ్చి మందులు తీసుకెళ్లవచ్చా అన్న మూడు విషయాలు తప్పనిసరిగా అడగండి. ఇప్పటికే చూపించుకుంటున్న ఆసుపత్రిలో ఎన్టీఆర్ వైద్య సేవ (పాత పేరు ఆరోగ్యశ్రీ) కౌంటర్ ఉంటే అక్కడ రోగులకు సాయపడే వైద్యమిత్రను కూడా సంప్రదించండి. కేరళలో 1993లో కోజికోడ్‌లో మొదలైన ప్రయత్నం ఊరూరా వాలంటీర్లతో పెరిగి, 2008లో ఆ రాష్ట్ర ప్రభుత్వం దీనికంటూ ఒక విధానాన్నే ప్రకటించే దాకా వెళ్లింది. మన వైపు వీధి చివర వినాయక మండపానికి యాభైమంది పోగవుతారు కానీ, మంచం పట్టిన మనిషి దగ్గర గంటసేపు కూర్చోవడానికి ఒక్కరు దొరకడం కష్టం. ఈ మాట కొందరికి నచ్చకపోవచ్చు.

నొప్పి తరువాత మా అత్తను ఎక్కువగా కుంగదీసినది పుండు వాసన. పిల్లలు గది గుమ్మం దగ్గరే ఆగిపోయేవారు, ఆవిడ అది గమనించి కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. డాక్టరు సలహా మీద మెట్రోనిడజోల్ మాత్రలను మెత్తగా పొడి చేసి, పుండు చెంప మీదకు తెరుచుకున్నచోట గాజుగుడ్డతో అద్దేవాళ్లం. కొద్ది రోజుల్లోనే వాసన బాగా తగ్గింది. చాలా తక్కువ ఖరీదు మందు అది. అయినా అంతకుముందు చూసినవారెవరూ ఆ మాట చెప్పలేదంటే ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. ఆ తరువాత ఆవిడ సాయంత్రం పూట అరుగు మీద కూర్చుని, వీధిలో చేపలమ్మే ఆవిడతో వంజరం ధర గురించి పేచీ పెట్టుకునేది, తాను తినలేకపోయినా. మోతాదు పెంచినా తగ్గని నొప్పి ఒకటి కొన్నాళ్లు ఉండేది. అడగ్గా అడగ్గా తేలిందేమిటంటే, తాను కట్టిన చీటీ డబ్బు ఒకరి దగ్గర ఉండిపోయింది, అది రాకపోతే మనవరాలి చదువు ఆగిపోతుందని ఆవిడ బెంగ. ఆ డబ్బు వసూలయ్యాక ఆవిడ అదే మోతాదుతో తెల్లవార్లూ నిద్రపోయింది.

అమ్మకు చెప్పాలా వద్దా అన్నదానికి నేను ఒక పద్ధతి మాత్రమే చెప్పగలను, ఎందుకంటే అది కళ్లారా చూశాను. మా అత్తకు విషయం తెలియకూడదని మేమంతా ఒట్టు పెట్టుకున్నట్టు దాచాము. డాక్టరు మమ్మల్ని ఏమీ అనకుండా, ఆవిడనే "మీ జబ్బు గురించి మీకేమని అర్థమైందమ్మా?" అని అడిగారు. "మా పేటలో ఇలాటి పుండుతో పోనోళ్లను సూసేను బాబూ, నాకు తెల్దా?" అంది. చెప్పడం కంటే ముందు అడగడం ముఖ్యం. ఎంతవరకు తెలుసుకోవాలని ఉందో రోగి మాటల్లోనే తెలుస్తుంది, అంతవరకే చెప్పవచ్చు. తెలుసుకోవడం ఇష్టం లేని వారిని బలవంతపెట్టనవసరం లేదు. కోలుకునే ఆశ లేని స్థితిలో వెంటిలేటర్ వంటివి వద్దని ముందుగానే రాసిపెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది. 2023లో ఆ పద్ధతిని సులభం చేసి, ఇద్దరు సాక్షుల సంతకాలతోపాటు నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలునని చెప్పింది. అమ్మగారికి అలాంటి కోరిక ఉంటే, ఆవిడ స్పష్టంగా మాట్లాడగలిగిన రోజుల్లోనే తెలుసుకోవాలి.

చివరి రోజుల గురించి మీరు అడగలేదు, అయినా ఒక్క విషయం చెబుతాను. అప్పుడు ఆకలి దానంతటదే తగ్గిపోతుంది. చూడవచ్చిన బంధువులు "సెలైనైనా పెట్టించరా?" అని అంటారు. ఆ దశలో సెలైన్ ఎక్కువైతే ఒంట్లో నీరు చేరి, గొంతులో గురగుర పెరిగి, మనిషికి ఇబ్బందే కలుగుతుందని మాకు వివరించారు. గాజుగుడ్డతో నోరు తడపడం, పెదవులకు కాస్త నూనె రాయడం, పక్కకు తిప్పి పడుకోబెట్టడం, ఇవే ఆవిడకు హాయినిచ్చాయి. ఈ మాటలు బంధువులకు వైద్యుల చేతనే చెప్పించండి, మీరు చెబితే ఖర్చుకు వెనకాడుతున్నారంటారు.

మొదటిసారి వెళ్లేటప్పుడు బయాప్సీ రిపోర్టు, స్కాన్‌లు, డిశ్చార్జి సమ్మరీ, ఆధార్, ఇప్పుడు వాడుతున్న మందుల పట్టీలు ఒకే సంచిలో పెట్టుకోండి. వెళ్లడానికి ముందు రెండు మూడు రోజులు, నొప్పి ఏ వేళకు వస్తోంది, సున్నా నుంచి పది వరకు ఎంత అని అమ్మగారు చెబుతున్నారు, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతున్నారు, విరేచనం ఎప్పుడైంది అన్నవి ఒక కాగితం మీద రాసి ఉంచండి. వైద్యులు మొదట అడిగేవి ఇవే. మీ అన్నయ్యగారిని కూడా వెంట తీసుకెళ్లి, మార్ఫిన్ గురించిన సందేహాలు ఆయన చేతనే అడిగించండి.