జెండా పాట చప్పుడు, టీ కొట్టు ఖాతా

హనుమకొండ,
ఆదివారం పొద్దున.

బిడ్డా,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. పన్నెండు పేజీల్లో మెదడు బొమ్మలు తీసే పద్ధతులన్నీ వరుసగా చెప్పుకొచ్చి, చివర "వీటన్నిటినీ కలిపితే మెదడు రహస్యం బయటపడుతుంది" అని ముగించావు. నన్నడిగితే నీ వ్యాసం మొదలవ్వాల్సింది ఆ వాక్యం దగ్గరే. కలపడమంటే ఏం చేస్తారు? కలిపినా కలవనిది ఏమిటి?

దానికంటే ముందు నీతో ఒక చిన్న పేచీ ఉంది. మూడో పేజీలో "భయం కలగగానే మెదడులో ఈ భాగం వెలుగుతుంది" అన్నావు. ఇరవై ఏళ్ల కింద నేనూ ఇదే వాక్యం ఒక ఆదివారం అనుబంధంలో రాశాను. తర్వాతి వారం రాజరాజ నరేంద్ర భాషా నిలయంలో పేపర్ తిరగేస్తుంటే, లైన్‌మన్‌గా చేసి రిటైరైన ఒక పెద్దాయన పక్కన కూర్చుని, "ఎన్ని వాట్ల వెలుగు సార్?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. మెదడు మొత్తం వాడుకునేది సుమారు 20 వాట్లేనని తర్వాత చదివి చెప్పాను. కానీ అక్కడ వెలిగేది ఏమీ లేదని ఆయనకు చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు. ఆ ఎర్ర మచ్చ కంప్యూటర్ వేసిన రంగు. ఇంత తేడా దాటితే ఎరుపు వెయ్యి అని మనిషి చెబితే వేసింది. 2009లో క్రెయిగ్ బెన్నెట్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు చచ్చిన సాల్మన్ చేపను స్కానర్‌లో పెట్టి మనుషుల ఫొటోలు చూపించారు. వేల చోట్ల ఒకేసారి లెక్క కడుతున్నప్పుడు చేయాల్సిన సవరణ చేయకపోతే, ఆ చేప తలలోనూ మచ్చ కనబడింది!

ఇక అసలు సంగతి. మిర్చి సీజన్‌లో మీ నాయనతో ఏనుమాముల మార్కెట్‌కు వెళ్లే ఉంటావు. గోడ బయట నిలబడ్డా జెండా పాట, అంటే సరుకు వేలం, ఎప్పుడు మొదలైందో చెవికి తెలిసిపోతుంది. ఏ షెడ్డులోనో మాత్రం చెప్పలేం. తల మీద వైర్లు అతికించి మెదడు కరెంటును కొలిచే ఈఈజీ పని అదే. ఇప్పుడు టీ కొట్టువాడి ఖాతా తీసి చూడు. ఏ షెడ్డులో హమాలీలకు పని ఎక్కువ పడిందో ఆ షెడ్డుకు టీలు ఎక్కువ పోయి ఉంటాయి. షెడ్డు నంబర్ దొరుకుతుంది. కానీ టీ కాస్త ఆలస్యంగా పోతుంది, పైగా కాయ ఏ ధర పలికిందో ఆ ఖాతాలో ఉండదు. మెదడులో రక్తం ఎక్కడ మారిందో స్కానర్‌తో చూసే ఎఫ్ఎంఆర్ఐ పని అది.

పోలిక ఇక్కడితో ఆపి, యంత్రం నిజంగా కొలిచేదేంటో రాయాలి. న్యూరాన్లు, అంటే మెదడు కణాలు, పనిచేసిన చోటికి వాడుకున్నదానికంటే ఎక్కువ ఆక్సిజన్‌తో రక్తం వస్తుంది. ఆక్సిజన్ ఉన్న హిమోగ్లోబిన్‌కూ లేనిదానికీ అయస్కాంతం దగ్గర ప్రవర్తన వేరు. ఆ తేడానే సెయిజీ ఒగావా అనే శాస్త్రవేత్త 1990లో పట్టుకున్నాడు, 1992 కల్లా మనుషుల మీద ప్రయోగాలు వచ్చాయి. రక్తం తీరిగ్గా వస్తుంది: సిగ్నల్ తారస్థాయికి చేరడానికి 5, 6 సెకన్లు పడుతుంది. ఈఈజీ మాత్రం సెకనులో వెయ్యో వంతును కూడా పట్టుకుంటుంది.

ఈఈజీ గురించి రాసేముందు ఒక్కసారి ఆ గదిలో కూర్చో. మా మేనకోడలికి ఫిట్స్ వస్తుంటే నేను తీసుకెళ్లాను. తలకు నూనె పెట్టి జడ వేసి పంపించారు ఇంట్లోవాళ్లు. టెక్నీషియన్ చూడగానే, "తలంటుకుని రండి, నూనె ఉంటే అంటదు" అని వెనక్కి పంపేశాడు. మర్నాడు మళ్లీ పోయాం. జుట్టు పాయలు తీసి, కొలతపట్టీతో గుర్తులు పెట్టి, చర్మం మీద గరగరలాడే పేస్టు రుద్ది, ఒక్కో వైరు అతికించడానికే అరగంట పట్టింది. తర్వాత "కళ్లు మూసుకోమ్మా" అన్నాడు. తెర మీద గజిబిజిగా ఉన్న గీతలు తల వెనుక వైపు వైర్లలో ఒక్కసారిగా నెమ్మదించి, సెకనుకు పదిసార్లు చొప్పున సాఫీగా ఊగడం మొదలుపెట్టాయి. "తెరువు" అనగానే మాయం. ఇవే ఆల్ఫా తరంగాలు, 1924లో మొదటిసారి మనిషి తల మీద నుంచి ఈఈజీ తీసిన హాన్స్ బెర్గర్ 1929లో లోకానికి చెప్పినవి. నాకు ఒళ్లు జలదరించింది. నీ వ్యాసంలో ఆల్ఫాకు ఒక్క లైను ఇచ్చావు!

ఆ ఆల్ఫా ఎక్కడ తగ్గుతుంది, ఎక్కడ పుడుతుంది అని గోడ బయట నుంచి తేల్చలేం. బయట కనిపించే ఒకే వోల్టేజీ లోపల రకరకాల అమరికల వల్ల రావచ్చని హెల్మ్‌హోల్ట్జ్ అనే శాస్త్రవేత్త 1853లోనే చూపించాడు. అందుకే మనిషిని ఈఈజీ వైర్లతో సహా స్కానర్‌లోకి తోస్తారు. అక్కడ మొదలవుతుంది అసలు తంటా. పిండి గిర్ని పక్కన కూర్చుని గుసగుసలు వినడం లాంటిది. స్కానర్ అయస్కాంత క్షేత్రం మారినప్పుడల్లా వైర్లలో పుట్టే కరెంటు, మెదడు సిగ్నల్ కంటే వందల రెట్లు పెద్దది. అయితే గిర్ని రొద ఒకే తీరుగా తిరిగి తిరిగి వస్తుంది కాబట్టి, సగటు తీసి తీసేయొచ్చు. గుండె అంత బుద్ధిమంతురాలు కాదు. కొట్టుకున్నప్పుడల్లా తల, వైర్లు వెంట్రుకవాసి కదులుతాయి, ప్రతిసారీ కాస్త తేడాగా. దాన్ని వదిలించుకోవడానికి ఇప్పటికీ కుస్తీ పడుతున్నారు.

ఇంత కష్టపడితే దొరికేదేంటి? 2002లో గోల్డ్‌మన్ బృందం ఆల్ఫా పెరిగిన క్షణాలు చూసి, అప్పుడు రక్తం సంగతేంటో వెతికింది. తల వెనుక చూపు భాగంలో సిగ్నల్ తగ్గింది, లోతుగా ఉండే థాలమస్‌లో పెరిగింది. ఏ ఒక్క యంత్రమూ ఒంటరిగా ఇది చెప్పలేదు. ఫిట్స్ రోగుల్లో కూడా ఈఈజీలో స్పైక్ (సూదిమొనలా లేచే గీత) వచ్చిన క్షణానికి రక్తం ఎక్కడ మారిందో చూసి, ఆపరేషన్ ఆలోచిస్తున్న డాక్టర్లకు ఒక అదనపు ఆధారంగా ఇస్తున్నారు.

నువ్వు "కలిపితే" అని తేలిగ్గా దాటేసింది ఇక్కడే. ఆ రెండూ ఒకే సంగతికి సాక్షులు కావు. ఒక షెడ్డులో రెండు క్షణాల తగువు జరిగితే చప్పుడు వినబడుతుంది, టీ పోదు. ఇంకో షెడ్డులో దడవాయిలు పొద్దంతా నోరెత్తకుండా తూకం వేస్తే టీ పోతుంది, చప్పుడు రాదు. మెదడులోనూ అంతే. న్యూరాన్లు వరసగా ఒకే దిక్కుకు నిలబడితేనే వాటి కరెంటు కూడి తల మీదకు వస్తుంది. అడ్డదిడ్డంగా ఉంటే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, రక్తం మాత్రం వస్తూనే ఉంటుంది. అందుకని ఈఈజీ తరంగాన్ని బలవంతంగా ఎఫ్ఎంఆర్ఐ మచ్చకు కట్టేస్తే తప్పుడు షెడ్డుకు బిల్లు రాసినట్టే. రెండూ ఎక్కడ పొసగలేదో అక్కడ రెండు పేజీలు రాయి.

పెట్ స్కాన్ (ఒంట్లోకి ఎక్కించిన రేడియోధార్మిక పదార్థం జాడ చూసేది) భాగం సగానికి కుదించు. మెదడు కరెంటు వల్ల పుట్టే సన్నటి అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే ఎంఈజీకి బయటి అయస్కాంత క్షేత్రాలు చొరబడని ప్రత్యేక గది కావాలి, స్కానర్‌తో కలిపి ఒకేసారి తీయలేరు, ఒకే మనిషికి విడివిడిగా తీసి పోలుస్తారు. అది ఒక పేరా చాలు. ఇంకోటి, ఎఫ్ఎంఆర్ఐకి నువ్వు రాసిన "క్రియాత్మక అయస్కాంత అనునాద ప్రతిబింబనం" తీసేయ్. ఎంఆర్ఐ అంటే పరకాల బస్సులో కండక్టర్‌కు కూడా తెలుసు.

ఈఈజీ గదిలో కూర్చోవడానికి నాకు తెలిసిన డాక్టర్‌ను అడిగాను, సరేనన్నాడు. పేషెంట్ ఒప్పుకుంటేనే లోపలికి, ఫొటోలు తీయొద్దు. బుధవారం పొద్దున తొమ్మిదింటికి చౌరస్తా దగ్గర దిగి ఫోన్ చెయ్. మూడో పేజీ తిరగరాసి తీసుకురా.

ఇట్లు,
మీ సార్