తమ్ముడు తాగుతున్నాడు, రక్షణ పోయినట్టేనా?

ప్రశ్న: మా తమ్ముడు ఏడేళ్ల క్రితం మారుమనస్సు పొంది బాప్తిస్మం తీసుకున్నాడు. రెండేళ్లుగా తాగుడులో పడి ఆరాధనకు రావడం లేదు. మా బ్యాప్టిస్టు సంఘంలో ‘ఒకసారి వచ్చిన రక్షణ పోదు’ అంటారు. పక్క వీధి పెంతెకోస్తువాళ్లు ‘పోయింది, మళ్లీ బాప్తిస్మం తీసుకోవాలి’ అంటున్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక సోదరి, సింగరాయకొండ

జవాబు: అమ్మా, ఈ తగాదా మీ వీధిలో పుట్టింది కాదు. 1610లో హాలెండులో ఆర్మీనియస్ అనే దైవపండితుడి శిష్యులు తమ అయిదు అంశాలు రాసిచ్చినప్పుడు, విశ్వాసి పూర్తిగా తొలగిపోగలడా అన్నదాన్ని లేఖనాల్లో ఇంకా వెదకాలని వదిలేశారు. 1618–19లో అక్కడి డోర్ట్ పట్టణంలో కూడిన సంఘ పెద్దల సభ తొలగిపోడని తేల్చింది. మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ తొలగిపోవచ్చన్నాడు. పెంతెకోస్తు సంఘాలు ఎక్కువగా వెస్లీ వైపే.

బ్యాప్టిస్టులమైన మేము పోదనే అంటాం. రక్షణ క్రియల వల్ల వచ్చింది కాదు (ఎఫెసీ 2:8-9), క్రియలు చెడితే జారిపోయేదీ కాదు. తన గొర్రెల గురించి ‘ఎవడును వాటిని నా చేతిలోనుండి అపహరింపడు’ (యోహాను 10:28) అన్న యేసు పట్టు మీద అది నిలిచి ఉంది. అయితే ఈ మాటను తాగుబోతుకు తలగడగా ఇచ్చే బోధకులూ ఉన్నారు, అది తప్పు. నీళ్లలో మునిగిన ప్రతివాడూ తిరిగి జన్మించాడని వాక్యం అనదు. 1 యోహాను 2:19 చదవండి, మనలోనుండి వెళ్లిపోయినవారు మొదటినుంచీ మనవారు కారంటుంది. ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బ్యాప్టిస్టు మిషనరీ క్లౌ దొరకు ఈ సంగతి బాగా తెలుసు. 1876–78 కరువులో బకింగ్‌హామ్ కాలువ పని ఇప్పిస్తూ, కూలి కోసం మతంలోకి వస్తారేమోనని బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు సాయం ముగిశాకే మళ్లీ మొదలుపెట్టి, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి ఇప్పించాడు.

ఇక హెబ్రీ 6:4-6. మీ తమ్ముడి మొహాన విసిరింది ఇదే అయి ఉంటుంది. ఆ పత్రిక క్రీస్తును వదిలి పాత బలుల వైపు తిరిగిపోబోయేవారికి రాసింది, బలహీనతలో పడినవాడికి కాదు. పైగా అక్కడ తొలగిపోయినవారిని ‘మరల నూతనపరచుట అసాధ్యము’ అని ఉంది. అది తాగుబోతుకే వర్తిస్తే, మళ్లీ ముంచినా లాభం లేదు కదా? రక్షణ పోయి మళ్లీ వస్తుందనే బోధ ఈ వచనం దగ్గరే ఇరుక్కుంటుంది. రెండో బాప్తిస్మం అక్కరలేదు. ఒప్పుకోలు కావాలి (1 యోహాను 1:9).

అతనికి రక్షణ ఉందో లేదో మీరు తేల్చకండి. తాగుతూ అతను బాధపడుతున్నాడా, సమర్థించుకుంటున్నాడా చూడండి. బాధపడుతుంటే గలతీ 6:1 ప్రకారం సాత్వికంగా నిలబెట్టాలి. సమర్థించుకుంటుంటే మత్తయి 18:15-17 వరుస తప్పకూడదు: ముందు ఒంటరిగా, తర్వాత ఒకరిద్దరిని వెంటబెట్టుకుని, అప్పటికీ వినకపోతేనే సంఘం ముందు. మన ఊళ్లలో చెడేది ఇక్కడే; మొదటి అడుగే ఆదివారం ప్రసంగంలో పడుతుంది, ఆ మనిషి మళ్లీ గుడి గడప తొక్కడు. తిరిగి వచ్చాక కూడా పాట, సాక్ష్యం అంటూ వెంటనే ముందుకు నెట్టకండి, కొన్ని నెలలు ఆగండి.

ఇంకొకటి. రోజూ బాగా తాగేవాడు ఉన్నట్టుండి మానేస్తే ఒకటి రెండు రోజుల్లో వణుకు, ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. దాన్ని దయ్యం పట్టిందనుకుని తాత్సారం చేసేవాళ్లున్నారు. ఉపవాస ప్రార్థనకు కూర్చోబెట్టే ముందే డాక్టరుకు చూపించండి.