వీల్‌చైర్‌తో ఆ కిలోమీటరు దారి: ముందు ఖాళీ కుర్చీతో వెళ్లి రండి

మ్యాప్‌లో దారి మొత్తం చదునుగానే కనిపిస్తోంది, అమ్మగారిని వీల్‌చైర్‌లో పార్కు దాకా తీసుకెళ్లొచ్చా అని అడిగారు కదండీ. మ్యాప్‌ని నమ్మకండి. అందులో పది మీటర్ల పొడవున్న చిన్న ఎక్కుడు కనిపించదు, చేతులకు మాత్రం బాగా తెలుస్తుంది.

ఒక మీటరు పొడవు చెక్క, ఫోన్‌లో వాలు ఎన్ని డిగ్రీలో చూపించే లెవెల్ యాప్ పట్టుకెళ్లండి. చెక్కను నేల మీద పెట్టి ఫోన్ దాని మీద ఉంచండి. 3 డిగ్రీల లోపు, అంటే మీటరుకు 5 సెంటీమీటర్ల ఎత్తు వరకు, హాయిగా తోయొచ్చు. 5 డిగ్రీలకు దగ్గరైతే ర్యాంపు కిందే లెక్క. కాస్త దూరమే అయినా మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవాలి.

అందరూ మర్చిపోయేది అడ్డవాలు. ఫుట్‌పాత్ రోడ్డు వైపు మీటరుకు 2 సెంటీమీటర్లకు మించి వాలితే కుర్చీ అటే లాగేస్తుంటుంది. ఒక చేత్తో ఆపుతూ ఇంకో చేత్తో తోయాలి. నాకైతే ఎక్కుడు కన్నా ఇదే నరకం. గేట్ల ముందు బండ్లు దిగడానికి ఫుట్‌పాత్‌ను కోసిన చోట్ల ఇది తప్పక చూడండి.

వెడల్పు కనీసం 90 సెంటీమీటర్లు ఉండాలి, అదీ కరెంటు స్తంభం పక్కన కొలిచినప్పుడు. రోడ్డు దాటే చోట అంచు ఒక సెంటీమీటరు లేచి ఉన్నా ముందు చిన్న చక్రాలు టక్కున ఆగిపోతాయి, కూర్చున్నవాళ్లు ముందుకు తూలతారు. అలాంటి చోట కుర్చీని వెనక్కి తిప్పి దాటించండి.

వాన పడ్డ మర్నాడు ఇంకోసారి వెళ్లి చూడండి.