కారు నడుస్తూ ఆగిపోతోందని చెప్పిన అల్లుడికి

అల్లుడూ,

జడ్చర్ల దాటాక హైవే మీద కొత్త కారు మళ్లీ ఆగిపోయిందని మీ అమ్మ చెప్పింది. ముందు ఆ బండి నడపడం ఆపు. సర్వీసుకి కూడా నువ్వు తోలుకెళ్లొద్దు, రోడ్‌సైడ్ అసిస్టెన్స్ వాళ్లని పిలిచి ఎక్కించి పంపు. "ఏం కాదు సార్, నడపండి" అంటే ఆ మాటే రాసిమ్మను. ఎవడూ రాయడు.

ఒకటి గుర్తుంచుకో. ఇంజన్ ఆగినంత మాత్రాన బ్రేకు పోదు. బ్రేకు తొక్కుడికి బలమిచ్చే బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్‌తో ఒకటి రెండుసార్లు మామూలుగానే పడుతుంది, తర్వాత పెడల్ రాయిలా అయిపోతుంది. అందుకే తొక్కి వదిలి తొక్కి వదిలి చేయకుండా ఒకేసారి తొక్కిపట్టు. స్టీరింగ్ బరువెక్కుతుంది గానీ తిరుగుతుంది. కంగారులో తాళంచెవి మాత్రం పీకకు, స్టీరింగ్ లాక్ పడిపోతుంది. పెడల్ మెత్తగా కిందికి దిగిపోతే అది వేరే రోగం. అప్పుడు గబగబా పంపు చేస్తూ, గేర్లు తగ్గిస్తూ, హ్యాండ్ బ్రేకు కొద్దికొద్దిగా లాగాలి.

ఇక షోరూమ్ సంగతి. చాలామంది జాబ్ కార్డు, అంటే బండి అప్పగించేటప్పుడు లోపాలు రాసే కాగితం, దగ్గరే దెబ్బతింటారు. అడ్వైజరు "జనరల్ చెకప్" అని కొట్టి సంతకం పెట్టమంటాడు. పెట్టకు. "80 స్పీడులో ఇంజన్ ఆగింది, స్టీరింగ్ బిగిసింది, ఫలానా లైటు వెలిగింది" అని నీ మాటల్లోనే, తేదీ, కిలోమీటర్ల రీడింగుతో సహా రాయించు. స్కానర్ పెట్టగానే బండి కంప్యూటర్ నమోదు చేసిన ఫాల్ట్ కోడ్‌ల ప్రింటు అడుగు, చెరిపేశాక అడిగి లాభం లేదు. "మాకేం కనపడలేదు" అంటే అదీ కాగితం మీద తీసుకో. మా ఆర్టీసీ గ్యారేజీలో కూడా డ్రైవరు నోటితో చెప్పిన లోపానికి విలువుండేది కాదు, రాసిచ్చినదానికే ఉండేది. బయటి మెకానిక్ చేత విప్పించావంటే వారంటీకి ఎగనామం పెట్టడానికి వాళ్లకో సాకు దొరుకుతుంది.

ఆర్సీలో ఛాసిస్ నంబరు ఉంటుంది, కంపెనీ సైట్‌లో రీకాల్, అంటే లోపమున్న బండ్లని వెనక్కి పిలవడం, ఉందేమో చూడు. ప్రభుత్వ వాహన్ పోర్టల్‌లో కూడా లోపం నమోదు చేయి. 2021 ఏప్రిల్ నుంచి, తగినన్ని ఫిర్యాదులొస్తే కేంద్రమే కంపెనీ చేత బండ్లు వెనక్కి పిలిపించే నిబంధన ఉంది.

డీలరుకీ, కంపెనీకీ ఇద్దరికీ స్పీడ్ పోస్టులో నోటీసివ్వు. కదలకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. నువ్వుండే జిల్లాలోనే వేయొచ్చు, లాయరు తప్పనిసరి కాదు, గడువు రెండేళ్లు. బండికి నువ్విచ్చింది 10 నుంచి 20 లక్షల మధ్య అయితే ఫీజు 400 రూపాయలే. కొత్త కారే కావాలంటే మాత్రం తయారీ లోపం రుజువు కావాలి, నిపుణుల పరీక్షకు పంపమని కమిషన్‌నే అడగాలి. కోపంలో ఈఎంఐ ఆపకు, కంపెనీతో గొడవ బ్యాంకుకి పట్టదు, అప్పులిచ్చేవాళ్లు చూసే నీ సిబిల్ స్కోరు పాడవుతుంది.

పాత జాబ్ కార్డులన్నీ ఫోటో తీసి వాట్సాప్ చెయ్యి. శనివారం షోరూమ్‌కి నేనూ వస్తాను.

మీ మామయ్య