కళ్యాణదుర్గం అబ్బాయికి ఒక జాబు

నాయనా,

నీ కథ చదివాను. ‘గుండె ధైర్యం లేనివాళ్లు ఇక్కడే ఆగిపోండి’ అని పైన ఎర్ర అక్షరాలతో పెట్టావు చూడు, నేను నిజంగానే అక్కడ ఆగిపోయి, పప్పు ఉడికిందో లేదో చూసుకుని, తినేసి, మధ్యాహ్నం ఒక కునుకు కూడా తీశాక మళ్లీ పట్టుకున్నా. భయపెట్టడం చేతనైనవాడు ముందుగా చెప్పి భయపెట్టడు. ఈ హెచ్చరిక నీకెవరు నేర్పారో నాకు తెలుసు, వెనకాల నక్కల ఊళ వేసుకుని యూట్యూబ్‌లో కథలు చెప్పేవాళ్లు. పోనీ అది దాటి లోపలికి వెళ్తే ఊటీలో బంగ్లా, బంగ్లాలో పియానో, పియానో ముందు తెల్లగౌను దొరసాని. కళ్యాణదుర్గంలో పుట్టి పెరిగినవాడివి, పియానోతో నీకేం పని?

అయినా ఓపిగ్గా తొమ్మిదో పేజీ దాకా వెళ్లినందుకు ఒకటి దొరికింది. దాని దగ్గరికి వస్తా.

కలం పేరు పెట్టుకోవాలా, ఏ యాప్‌లో పెడితే డబ్బులొస్తాయి, ముఖచిత్రం ఎవరితో వేయించాలి అని చాలా అడిగావు. అన్నిట్లోకీ ఒక్కటే నాకు పట్టింది: ‘హారర్ రాసేవాళ్లను పాఠకులు మొదట ఎలా కనిపెడతారమ్మా? వాళ్ల కంట్లో పడాలంటే నేనేం చెయ్యాలి?’ నేను చెప్పేది నీకు నచ్చకపోవచ్చు. మిగతా రచయితల సంగతేమోగానీ దెయ్యాల కథలు రాసేవాడు పాఠకుడి కంటికన్నా ముందు చెవిన పడతాడు. అది కూడా పేరు లేకుండా. ముందు కథ వచ్చి చేరుతుంది, రాసిందెవరో తర్వాత ఎప్పుడో తెలుస్తుంది, కొందరికి ఎప్పటికీ తెలియదు.

1980ల మొదట్లో యండమూరి ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వస్తున్నప్పుడు, కర్నూలు పాతూర్లో మా వీధి మొత్తానికి పత్రిక కొనేది ఒకే ఇల్లు. ఆ ఇంటి వదిన చదివేది, రాత్రి మిద్దె మీద పక్కలు పరుచుకున్నాక మాకు చెప్పేది. మేం పత్రిక ముఖం చూసింది లేదు, రాసినాయన పేరు అడిగిందీ లేదు. అందులో వచ్చే క్షుద్రశక్తి, కాష్మోరా, ఆ మాట మాత్రం ఎంత పట్టుకుందంటే, చీకట్లో మిద్దె దిగి దొడ్లోకి వెళ్లాలంటే ఒకరు తోడు రావాల్సిందే. చాలా రోజుల తర్వాత అద్దె లైబ్రరీలో పుస్తకం దొరికి చదివితే, వదిన చెప్పినదానికీ ఇందులో ఉన్నదానికీ బోలెడు తేడా. వదిన చెప్పిన కాష్మోరా మన హంద్రీ ఒడ్డున లేచేది! దాన్ని అక్కడికి తెచ్చింది వదినే. యండమూరి పేరు నాకు తెలిసింది అప్పుడే, ఆయన మిగతా నవలల కోసం లైబ్రరీ అంతా వెతికిందీ అప్పుడే.

అద్దె లైబ్రరీలు నువ్వు చూసుండవు. కొత్త నవల రాగానే రంగుల అట్ట పీకేసి దళసరి అట్టతో బైండింగ్ చేయించేవాళ్లు, నలుగురి చేతులు మారినా తట్టుకోవాలని. వెన్ను మీద ఒక నంబరు, అంతే. మొదటి పేజీలూ చివరి పేజీలూ ముందుగా ఊడిపోయేవి. ఎవరు రాశారో తెలియకుండా మొదలుపెట్టి, చివరికి ఏమైందో తెలియకుండా ముగించి, ‘ఆ పుస్తకం నువ్వు చదివావా, ఆఖరికి ఆ పిల్ల బతికిందా?’ అని పక్కింటివాళ్లను అడిగేవాళ్లం. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి కర్నూలు మీద పడ్డప్పుడు నేను రోజూ వెళ్లే లైబ్రరీ మునిగిపోయింది. నీళ్లు తీశాక బురదలో ఉబ్బిపోయిన నవలలు వీధిలో ఎండబెట్టారు, కావాల్సినవాళ్లు పట్టుకుపోయారు.

బయటి దేశాల్లో మాత్రం వేరేగా ఉందా? డ్రాకులా అంటే మా మనవరాలికి కూడా తెలుసు. 1897లో దాన్ని రాసింది బ్రామ్ స్టోకర్ అని ఎంతమందికి తెలుసు? అమెరికాలో హారర్ నవలలు రాసే స్టీఫెన్ కింగ్‌కు రెండేళ్లప్పుడే తండ్రి ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. తర్వాత బంధువుల ఇంటి అటక మీద ఆ తండ్రి వదిలేసిన పుస్తకాల పెట్టె దొరికింది, అందులో లవ్‌క్రాఫ్ట్ అనే పాతకాలపు హారర్ రచయిత కథలున్నాయి. ఆ లవ్‌క్రాఫ్ట్ 1937లో పోయేనాటికి చవక పత్రికలు చదివేవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. ఏ ప్రచురణకర్తా ముందుకు రాకపోతే ఇద్దరు స్నేహితులే 1939లో సంస్థ పెట్టి ఆయన కథలు పుస్తకంగా వేశారు. కింగ్ సొంత నవల ‘క్యారీ’ కూడా 1974లో గట్టి అట్టతో వచ్చినప్పుడు ఏమంత అమ్ముడుపోలేదు, మరుసటి ఏడాది చవక ప్రతి వచ్చి చేతులు మారడం మొదలయ్యాకే లక్షల్లో పోయింది. ఎవరో ఒకరు ఇంకొకరికి ‘ఇది చదువు’ అని చేతిలో పెట్టాలి, లేదా కథ చెప్పెయ్యాలి. నువ్వు కొనే ప్రకటన ఆ పని చెయ్యదు.

నా సంగతే చెప్తా విను. డోన్‌లో ఒక పెళ్లికి వెళ్లాను. రాత్రి విడిదింట్లో పిల్లలందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని ఒకావిడ కథ చెప్తోంది, వాళ్ల మేనత్త ఊర్లో నిజంగా జరిగిందట. నాలుగు మాటలు వినగానే తెలిసింది, అది నా కథ. నేను నంద్యాల అని రాసింది ఆవిడ పత్తికొండ చేసింది. నా కథలో బావి ఊరి బయట ఉంటుంది, ఆవిడ దాన్ని తెచ్చి వంటింటి వెనక పెట్టింది. ఎంత బాగుందో! నేనెవరో చెప్పలేదు, చెబితే ఆ పిల్లల మొహాల్లో భయం పోతుంది. అందులో ఒక పిల్ల, పన్నెండేళ్లుంటాయి, మర్నాడు నన్ను వదల్లేదు, ఇలాంటివి పుస్తకాల్లో ఉంటాయా అవ్వా అని. ఆ పిల్లకు నా నవల పేరొకటి చెప్పాను, రాసింది నేనేనని మాత్రం చెప్పలేదు.

ఈ సంగతి సంపాదకులకు ఎప్పుడూ తలకెక్కలేదు. నా మొదటి సీరియల్ వేసుకున్న వారపత్రికలో ఏం జరిగిందో తెలుసా? మూడు భాగాల దాకా దెయ్యాన్ని ఎవరికీ చూపించకుండా చచ్చీ చెడీ నడుపుకొచ్చాను. వాళ్లు మొదటి భాగానికే బొమ్మ వేయించేశారు, జుట్టు విరబోసుకుని నాలుక వేలాడేసిన ఆడమనిషి. నా కథలో దెయ్యం ఆడది కాదు, దానికసలు నాలుకే లేదు! ఇంకో సంపాదకుడైతే ‘ఆడవాళ్లు దెయ్యాల కథలు రాస్తే ఎవరు చదువుతారమ్మా, అత్తాకోడళ్ల మీద ఏదైనా పంపండి’ అన్నాడు. అత్తాకోడళ్ల మీదే పంపాను, అత్త పోయిన పదకొండో రోజు నుంచి మొదలుపెట్టి. తిరిగొచ్చింది. ఇక మూఢనమ్మకాలు పెంచుతున్నామని సభల్లో తిట్టిన పెద్దమనుషులున్నారు, వాళ్లింట్లో వాకిలికి గుమ్మడికాయ కట్టుకుని మరీ తిట్టేవాళ్లు. సరే, అదంతా నీకెందుకు.

తొమ్మిదో పేజీకి వద్దాం. దొరసాని మాయమయ్యాక నీ హీరో చిన్ననాటి సంగతి గుర్తు చేసుకుంటాడు: ‘మా నాయన ఎండిపోయిన బోరు మీద గోనెసంచి కప్పి పైన బండ పెట్టినాడు. పొద్దున పోయి చూస్తే బండ పెట్టింది పెట్టినట్టే ఉంది, కింద సంచి లేదు.’ అంతే, మళ్లీ ఊటీకి వెళ్లిపోయావు. అరే, ఆ రాత్రి మా చెల్లెలికి ఫోన్ చేసి ఈ ముక్క చెప్పాను. అది మర్నాడు వాళ్ల పనిమనిషికి చెప్పిందట. నీ పేరు చెప్పిందా? చెప్పలేదు, నేనూ చెప్పలేదు. నీకిప్పుడు కర్నూల్లో ఇద్దరు పాఠకులున్నారు, వాళ్లకు నువ్వెవరో తెలియదు.

మీ జిల్లాలో ఏడాదికి పడే వాన సుమారు 55 సెంటీమీటర్లు. 1000 అడుగులు దింపినా దుమ్ము తప్ప రాని బోర్లు ఎన్ని చూసుంటావు నువ్వు! మన్ను కూలకుండా దింపిన కేసింగు పైపు పీక్కుని వెళ్లాక మిగిలేది ఆరున్నర అంగుళాల బొక్క, మనిషి పట్టడు, పసిబిడ్డ పడతాడు. ప్రతి తల్లీ పొలానికి పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు అదెక్కడుందో ముందు చూసుకుంటుంది. ఆ భయం ఊరందరిలోనూ ఉంది, నువ్వు కొత్తగా పుట్టించక్కర్లేదు. అప్పు చేసి వేయించిన బోరు అది, దాని మీద పోసిన డబ్బు కూడా అందులోనే పడి ఉంది. అరచేతిలో టెంకాయ పెట్టుకుని పొలమంతా తిరిగి, టెంకాయ నిలబడ్డ చోట వెయ్యమని చెప్పే మనిషి మీ ఊర్లోనూ ఉంటాడు కదా. బోరు ఎండిపోయిన నాలుగేళ్లకు ఆ మనిషి ఆ దారినే పోతుంటే, సంచిలో టెంకాయ దానంతటది లేచి నిలబడితే? ఇది నాది, నీకిచ్చేశా, వాడుకో.

ఊటీ తీసెయ్. బోరుతో మొదలుపెట్టి బోరుతోనే నడుపు. సంచి ఎవరు లాక్కున్నారో చివరిదాకా చెప్పకు, పురాతన శాపం అని ఒక పేజీ వివరణ అసలు రాయకు. ఊరి పేరు, చేను పేరు, గట్టు మీద చెట్టు ఏదో సరిగ్గా రాయి, అప్పుడే వినేవాళ్లు దాన్ని తీసేసి తమ ఊరి చేను పెట్టుకోగలరు. ఉత్త ‘ఒకానొక గ్రామం’లో తీసి మార్చుకోవడానికి ఏముంటుంది? ఏ పేజీ చినిగి విడిగా దొరికినా చదివినవాడు మిగతాది ఎక్కడుందని అడగాలి, కాబట్టి మంచి ముక్క తొమ్మిదో పేజీకి దాచుకోకు.

రాశాక ఎక్కడా పెట్టకు. విత్తనాలకు వేరుశనగ బుడ్డలు వలిచేటప్పుడు మీ అమ్మా చుట్టుపక్కలవాళ్లూ కూర్చుంటారు కదా, అక్కడ నోటితో చెప్పు. కాగితం చూడొద్దు. నువ్వే రాశావని చెప్పొద్దు, మెచ్చుకోవడం మొదలుపెడతారు. ఎక్కడ వలవడం ఆపి నీ వైపు చూశారో, ఎక్కడ మధ్యలో టీ సంగతి ఎత్తారో గుర్తుపెట్టుకుని వచ్చి దిద్దుకో. వారం తర్వాత ఆ కథ నీకే ఎవరైనా చెబితే అప్పుడు నాకు రాయి.

మళ్లీ పంపేటప్పుడు ఫోన్‌లో ఫొటోలు తీసి పంపకు, ప్రింటు తీసి పోస్టులో వెయ్యి, అక్షరాలు కొంచెం పెద్దవి పెట్టు. ఆడియో కంపెనీ ఏదో హక్కులు అడుగుతోందని చివర్లో ఒక ముక్క రాశావు, సంతకం పెట్టే ముందు ఆ ఒప్పందం కాగితం నాకు పంపు.